నిద్రపోని కాపలా

ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రిలో చేర్చారనుకోండి, మగవాళ్ళు మందుల షాపుకీ, బిల్లు కౌంటరుకీ తిరుగుతారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది మాత్రం మనమే. సెలైన్ సీసా ఎంతవరకు వచ్చిందో చూడాలి, ఒళ్ళు కాలుతోందేమో నుదుటి మీద చెయ్యి వేసి చూడాలి, ఊపిరి ఎలా తీస్తున్నారో గమనిస్తూ ఉండాలి. కాస్త తేడా కనిపిస్తే “సిస్టర్! సిస్టర్!” అంటూ వరండా చివరిదాకా పరుగెత్తాలి. డాక్టర్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మన ఆస్పత్రి వార్డుల్లో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న మానిటరు ఈ ఆడమనిషే. జీతం లేదు, షిఫ్టు లేదు, నిద్ర అసలే లేదు.

ఇప్పుడు ఆ స్టూలు పక్కన ఇంకో కాపలా వచ్చి నిలబడింది. వేలికి ఒక క్లిప్పు, ఛాతీ మీద మూడో అయిదో బిళ్ళలు, చేతికి పట్టీ, వాటన్నిటి తీగలూ వెళ్ళి కలిసే ఒక డబ్బా. ఒకప్పుడు ఇవన్నీ ఐసీయూ తలుపుల అవతలే ఉండేవి. ఇప్పుడు మామూలు వార్డుల్లోకీ వస్తున్నాయి. కొన్నిటికి తీగలు కూడా ఉండటం లేదు. పరుపు కింద ఒక పలచటి రేకులాంటిది పెడితే చాలు, గుండె వేగమూ ఊపిరి లెక్కా నర్సుల గదిలోని తెర మీద కనబడతాయి.

అయితే ఈ డబ్బా ఏం చెబుతోందో మనకెవరూ చెప్పరు. అంకెలు మారుతుంటాయి, గీతలు పరుగెడుతుంటాయి, ఉన్నట్టుండి కుయ్‌మంటుంది, మన గుండె గుభేలుమంటుంది. అందుకే ఈ యంత్రాల సంగతి కాస్త తెలుసుకుని ఉంచుకుంటే మంచిది.

<b>ముప్ఫై మంచాలు, ఒక్క సిస్టర్</b>

రోగిని గంట గంటకీ చూసి కాగితం మీద రాయడం అనాదిగా ఉన్నదేమీ కాదు. నూట అరవై ఏళ్ళ కిందట థర్మామీటరు అడుగు పొడవుండేది, జ్వరం చూడటానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఇంగ్లండులో థామస్ క్లిఫర్డ్ ఆల్బట్ అనే డాక్టరు 1860ల చివర్లో ఆరంగుళాల థర్మామీటరు చేయించాడు. అయిదు నిమిషాల్లో పని అయిపోయేది. జర్మనీలో వుండర్‌లిష్ అనే ఆయన 1868లో వేలాదిమంది రోగుల జ్వరాల లెక్కలతో పెద్ద పుస్తకమే వేశాడు. మంచానికి వేలాడే చార్టులు అలా మొదలయ్యాయి. ఆ తర్వాత 1896లో ఇటలీలో రివా-రోచి చేతికి చుట్టే బీపీ పట్టీని, 1905లో రష్యాలో కొరొట్కోవ్ స్టెతస్కోపు పెట్టి ఆ చప్పుడు వినే పద్ధతిని ఇచ్చారు. మొన్న మొన్నటిదాకా మన సిస్టర్లు ట్రాలీ తోసుకుంటూ వచ్చి చేసింది ఇదే.

ఇందులో చిక్కల్లా టైముతోనే. లెక్క వేసి చూడండి. నాడి, బీపీ, జ్వరం, ఊపిరి చూసి రాయడానికి ఒక్కొక్కరికి అయిదు నిమిషాలనుకుందాం. ముప్ఫై మంది ఉన్న వార్డులో ఒక రౌండు పూర్తయ్యేసరికి రెండున్నర గంటలు. మధ్యలో ఇంజక్షన్లు, కొత్త కేసులు, డాక్టరుగారి పిలుపులు ఉండనే ఉంటాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాస్పత్రుల్లో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆస్పత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. రాత్రి పూట ఏ వార్డులోకైనా వెళ్ళి లెక్కపెట్టండి, నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంతమందిని ఒక్క మనిషి చూసుకుంటే ముందు దెబ్బ తినేది ఊపిరి లెక్క. దానికి నిమిషం పాటు నిలబడి ఛాతీ వంకే చూడాలి. అంత తీరిక ఎక్కడిది? విదేశాల్లో ఆస్పత్రి రికార్డులు తిరగేసిన పరిశోధకులకు ఒక విచిత్రం కనబడింది. రోగులు రకరకాలుగా ఉన్నా, చార్టులో మాత్రం చాలామంది ఊపిరి 18 అనో 20 అనో ఉందట. అంటే లెక్కపెట్టలేదు, అలవాటుగా రాసేశారన్నమాట.

పోనీ, రాస్తే ఏం, రాయకపోతే ఏం అనుకోవడానికి లేదు. అమెరికాలోని మయామీలో ఆస్పత్రిలోనే గుండె ఆగిపోయిన 64 మంది రోగుల రికార్డులు పరిశీలించి 1990లో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ళలో 84 శాతం మందికి గుండె ఆగడానికి ముందు ఎనిమిది గంటల్లోనే పరిస్థితి దిగజారుతున్న గుర్తులో, కొత్త ఇబ్బందులో కనిపించాయి. అంటే పిడుగులా వచ్చిపడింది కాదు, చెప్పి వచ్చిందే. వినేవాళ్ళు ఆ టైముకి పక్కన లేరు. యంత్రాలు వార్డులోకి రావడానికి కారణం ఇదే.

<b>వేలికి పెట్టే క్లిప్పు</b>

కరోనా పుణ్యమా అని ఈ క్లిప్పు మనకందరికీ పరిచయమైంది. పల్స్ ఆక్సీమీటరు. దీని వెనుక కథ నాకు భలే నచ్చింది.

జపాన్‌లో నిహన్ కోడెన్ అనే కంపెనీలో తకువో అయోయాగి అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన మొదలుపెట్టింది వేరే పని. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి తమ్మెలోంచి వెలుగు పంపి, గుండె ఎంత రక్తం తోడుతోందో కొలవాలని ఆయన ప్రయత్నం. కాని నాడి కొట్టుకున్నప్పుడల్లా వెలుగు ఎగిరెగిరి పడి లెక్క చెడిపోయేది. ఆ ఎగుడుదిగుడు పోగొట్టడానికి నానా తంటాలూ పడుతుంటే తట్టింది, తను పారెయ్యాలనుకుంటున్న ఆ ఎగుడుదిగుడులోనే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో తెలిపే లెక్క దాగి ఉందని. 1974లో ఆ కంపెనీ పేటెంటుకు దరఖాస్తు చేసింది. ఆయన 2020 ఏప్రిల్‌లో 84వ ఏట పోయారు. ప్రపంచమంతా ఆయన కనిపెట్టిన క్లిప్పు కోసం దుకాణాల ముందు నిలబడిన సంవత్సరం అది.

ఇది పనిచేసే తీరు ఇదీ. క్లిప్పులో రెండు వెలుగులుంటాయి. ఒకటి మన కంటికి కనిపించే ఎరుపు, రెండోది కనిపించని పరారుణం. ఆక్సిజన్ నిండుగా ఉన్న రక్తం పరారుణ కాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది, ఎరుపును వదిలేస్తుంది. ఆక్సిజన్ తక్కువైన రక్తం దీనికి తిరగబడి, ఎరుపును ఎక్కువ పీల్చుకుంటుంది. వేలి అవతలి వైపు ఏ వెలుగు ఎంత వచ్చిందో చూసి యంత్రం లెక్క కడుతుంది. చర్మం, ఎముక, గోరు కూడా వెలుగును అడ్డుకుంటాయి కదా అని మీకు అనుమానం రావచ్చు. అవి నాడితో పాటు కదలవు. కదిలేది ధమనుల్లో రక్తం ఒక్కటే. యంత్రం ఆ కదిలే భాగాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

అంచేత నాడి సరిగా అందకపోతే ఆ అంకెను నమ్మడానికి లేదు. చెయ్యి చల్లబడినా, రోగి వణుకుతున్నా, క్లిప్పు వదులైనా అంకె పడిపోతుంది. తెర మీద అంకె పక్కన అలల్లాంటి గీత ఉంటుంది చూడండి, అవి ఒకే తీరుగా వస్తుంటే అంకె నమ్మొచ్చు. వంకర టింకరగా ఉంటే ముందు వేలు సరిచేసి చూడాలి. ముదురు రంగు గోళ్ళ పాలిష్, నల్లగా పండిన గోరింట కూడా వెలుగుకు అడ్డం వస్తాయి. ఆపరేషనుకు ముందు పాలిష్ తీసెయ్యమనేది ఇందుకే, మన అలంకారం మీద కోపంతో కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2020లో అమెరికాలో మిచిగన్ డాక్టర్లు వేల రీడింగులు సరిపోల్చారు. క్లిప్పు బాగానే ఉందని చూపిస్తున్నా లోపల ఆక్సిజన్ పడిపోయి ఉన్న సందర్భాలు తెల్లవాళ్ళలో కంటే నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. మనలోనూ చామనఛాయవాళ్ళు, నల్లటివాళ్ళు ఉన్నారు కదా. క్లిప్పు 95 అంటున్నా మనిషి ఆయాసపడుతుంటే ఆ మనిషినే నమ్మాలి.

<b>గీతలూ, పట్టీలూ</b>

ఛాతీ మీద బిళ్ళలు గుండెలో పుట్టే విద్యుత్తును పట్టుకుంటాయి. హాలండులో ఐంతోవెన్ అనే ఆయన నూటపాతికేళ్ళ కిందట దీన్ని మొదలుపెట్టినప్పుడు రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో ముంచి కూర్చోవాల్సి వచ్చేది. దానికే ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ఆ ఉప్పునీళ్ళ పని బిళ్ళ కింద ఉండే జిగురు చేస్తోంది. అది ఎండిపోయినా, చెమటకు బిళ్ళ ఊడినా తెర మీద గీత తిన్నగా అయిపోతుంది. సినిమాలు చూసి చూసి తిన్న గీత అంటే ప్రాణం పోవడమే అనుకుంటాం. అప్పుడు చేయాల్సింది రోగి ముఖం చూసి పలకరించడం. పలికారా, ఊడిన బిళ్ళ కోసం వెతకమని సిస్టరుకు చెప్పండి. పలకలేదా, గట్టిగా అరిచి పిలవండి, సందేహించొద్దు. ఆ బిళ్ళలే ఊపిరినీ లెక్కపెడతాయి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ ఉబ్బి, దానిలోంచి పోయే అతి చిన్న కరెంటులో తేడా వస్తుంది, దాన్ని బట్టి అన్నమాట.

బీపీ పట్టీ తనంతట తానే ఉబ్బుతుంది, దిగుతుంది. అది స్టెతస్కోపులా చప్పుడు వినదు, పట్టీలోని గాలిలో నాడి వల్ల కలిగే అదురును పట్టుకుంటుంది. చెయ్యి లావుకు పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. డయాలిసిస్ కోసం చేతికి ఆపరేషను చేయించుకున్నవాళ్ళకు ఆ చేతికి పట్టీ కట్టకూడదు. డ్యూటీ మారినప్పుడల్లా కొత్త సిస్టరుకు మనమే గుర్తుచేయడం మంచిది.

ఇక ఆ పరుపు కింది రేకు. గుండె రక్తాన్ని ఒక్క విసురుతో తోసినప్పుడల్లా ఒళ్ళంతా కంటికి కనిపించనంత సన్నగా అదురుతుంది. 1877లోనే గోర్డన్ అనే ఆయన, మనిషి తూకం యంత్రం మీద నిలబడితే ముల్లు గుండెతో పాటు ఊగడం గమనించాడు. ఫిలడెల్ఫియాలో ఐజాక్ స్టార్ అనే డాక్టరు 1930ల్లో దీనికోసం వేలాడే బల్లే కట్టాడు. తర్వాత ఈసీజీలూ అవీ వచ్చి ఆ విద్య మూలపడింది. దాన్ని మళ్ళీ బయటికి తీసినవాళ్ళలో మన దేశం వాళ్ళున్నారు. ముదిత్ దండవతే, గౌరవ్ పర్చానీ అనే ఇద్దరు ఇంజనీర్లు 2015లో బెంగుళూరులో డోజీ అనే సంస్థ పెట్టి, పరుపు కింద పరిచే సెన్సారు తయారుచేశారు. 2021లో కరోనా రెండో విడతప్పుడు ప్రభుత్వాస్పత్రుల మామూలు పడకలకు వీటిని అమర్చే కార్యక్రమం చేపట్టారు. ఒంటికి ఏదీ తగిలించక్కర్లేదు గనక పీక్కోవడాలూ ఊడిపోవడాలూ ఉండవు. కాలిన గాయాలవాళ్ళకు, తీగలు పెరికేసే పెద్దవాళ్ళకు ఇలాంటివి ఎంత ఉపయోగమో వేరే చెప్పాలా. కాకపోతే మన వార్డుల్లో ఒకే మంచం మీద రోగీ, ఆయన కాళ్ళ దగ్గర కూతురూ, పక్కన మనవడూ కూర్చుని ఉంటారు. అంతమంది అదురులో రోగి గుండె ఏదో యంత్రం ఎలా పోల్చుకుంటుంది? రేకు ఉన్న మంచం రోగికి వదిలేసి మనం స్టూలు మీదే కూర్చోవాలి.

పసిపిల్లలకూ ఇలాంటిదొకటి వచ్చింది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ ఒళ్ళు చల్లబడటం ఎంత ప్రమాదమో పురుళ్ళు పోసిన పెద్దవాళ్ళకు తెలుసు. బెంగుళూరులోనే బెంపు అనే సంస్థ బిడ్డ ముంజేతికి కట్టే చిన్న కడియం చేసింది. వెచ్చగా ఉన్నంతసేపూ నీలం దీపం మినుకుమంటుంది. ఒళ్ళు చల్లబడితే నారింజ రంగు దీపం వెలిగి, కూత పెడుతుంది. తల్లి వెంటనే బిడ్డను గుండెకు హత్తుకుని వెచ్చబరచాలి. చదువు రాని తల్లికి కూడా అర్థమయ్యే యంత్రం ఇది. నాకైతే ఐసీయూలోని పెద్ద డబ్బాలకంటే ఇదే ఎక్కువ గొప్పగా తోచింది.

<b>సెలైన్ చుక్కల లెక్క</b>

మనకు అన్నిటికంటే ఎక్కువ నిద్ర చెడగొట్టేది సెలైన్ సీసా. అయిపోతే గొట్టంలోకి రక్తం ఎదురొస్తుందేమోనని కళ్ళు కాయలు కాసేలా చూస్తాం. దీనికీ యంత్రాలున్నాయి. చుక్కలు పడే గది దగ్గర ఒక వెలుగు కిరణం అడ్డంగా పోతుంటుంది. చుక్క పడినప్పుడల్లా అది తెగుతుంది, ఆ తెగడాన్ని యంత్రం లెక్కపెడుతుంది. చుక్కలు ఆగినా, వేగం మారినా కూత పెడుతుంది.

యంత్రం లేనిచోట మనమే లెక్క కట్టుకోవచ్చు. మామూలు సెట్టు చాలావాటిలో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, చిన్న చుక్కల సెట్టులో 60. ఎంతన్నది కవరు మీద రాసి ఉంటుంది. 500 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం పదివేల చుక్కలన్నమాట. నాలుగు గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి 42 చుక్కలు పడాలి. గడియారం చూసి ఒక నిమిషం లెక్కపెడితే సీసా ఎప్పుడు అయిపోతుందో మీకే తెలుస్తుంది, అందాకా ఓ కునుకు తియ్యొచ్చు. అంతేగాని “తొందరగా అయిపోతుంది కదా” అని చక్రం తిప్పి వేగం పెంచకండి. గుండె జబ్బువాళ్ళకు, కిడ్నీ జబ్బువాళ్ళకు నీరు గబగబా ఎక్కితే ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది.

<b>అన్నీ కలిపి చూస్తే</b>

ఈ అంకెలను విడివిడిగా చూస్తే ఒక్కోసారి ఏమీ అనిపించదు. అన్నీ కలిపి మార్కులు వేసే పద్ధతిని బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రవేశపెట్టి, 2017లో సవరించింది. మన పరీక్షల్లో మార్కులకు ఇది తిరగేసిన పద్ధతి, సున్నా వస్తే ఫస్టు క్లాసు!

ఉదాహరణకి ఒక బామ్మగారు ఉన్నారనుకోండి. ఊపిరి నిమిషానికి 22, ఆక్సిజన్ 95, పై బీపీ 108, నాడి 112, జ్వరం 101. ఏ ఒక్కటి విన్నా “పెద్దావిడ కదా, ఆమాత్రం ఉంటుందిలే” అనుకుంటాం. మార్కులు వేస్తే ఊపిరికి 2, ఆక్సిజన్‌కు 1, బీపీకి 1, నాడికి 2, జ్వరానికి 1. మొత్తం 7. ఏడు దాటినా, ఏడు వచ్చినా ఆ పద్ధతిలో అత్యవసరం కిందే లెక్క, పెద్ద డాక్టర్ల బృందం వెంటనే రావాలి, రోగిని వదలకుండా గమనించాలి. సున్నా వచ్చినవాళ్ళను పన్నెండు గంటలకోసారి చూసినా సరిపోతుంది. ఒకటి నుంచి నాలుగుదాకా అయితే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, అయిదు గానీ ఆపైన గానీ అయితే గంటకోసారి చూడాలి. మనిషి కొత్తగా తికమక మాటలు మాట్లాడితే ఒక్క దానికే 3 మార్కులు. పెద్దవాళ్ళు రాత్రి పూట ఉన్నట్టుండి సంబంధం లేకుండా మాట్లాడుతుంటే “చాదస్తం” అని కొట్టిపారెయ్యకూడదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

సెన్సార్లకు ఈ లెక్క నిమిషంలో పని. కూడికలు తప్పవు, చార్టులో ఒకరివి ఒకరికి రాయడం ఉండదు, అర్ధరాత్రి మార్కులు పెరిగితే నర్సుల గదిలో గంట మోగుతుంది. ముప్ఫై మంది వెంట వరసగా తిరిగే బదులు, ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో సిస్టరుకు తెలుస్తుంది. నేను ఈ యంత్రాల పక్షం వహించేది దీనికే.

<b>అరిచే డబ్బా, అలవాటైన చెవి</b>

కాని అసలు పేచీ ఇక్కడే ఉంది. మా అత్తగారికి తుంటి ఎముక ఆపరేషనైనప్పుడు నాలుగు రాత్రులు ఒక ఆస్పత్రిలో ఉన్నాను. పేరెందుకులెండి. డబ్బా పావుగంటకోసారి అరిచేది. మొదటి రాత్రి ప్రతిసారీ సిస్టరు పరుగెత్తుకొచ్చింది. రెండో రాత్రికి “అది అలాగే అరుస్తుందమ్మా, మీరు పడుకోండి” అని చప్పుడు తగ్గించేసింది. మూడో రాత్రీ అంతే. నాలుగో రోజు పొద్దున పెద్ద సిస్టరు ఒకావిడ వచ్చి చూసి, బీపీ పట్టీ కట్టిన చేతికే వేలి క్లిప్పు కూడా పెట్టి ఉండటం గమనించింది. పట్టీ బిగిసినప్పుడల్లా చేతికి రక్తం ఆగుతుంది, వేలికి నాడి అందదు, యంత్రం కేకలు పెడుతుంది! క్లిప్పు రెండో చేతికి మార్చగానే సగం అరుపులు ఆగిపోయాయి. చప్పుడు తగ్గించిన ఆ రెండు రాత్రుల్లో నిజంగా ఆవిడ ఆక్సిజన్ పడిపోయి ఉంటే ఎవరికి వినబడేది? ఆ పిల్లను నేను తప్పుపట్టను. రాత్రంతా పాతిక మందిని ఒక్కతే చూసుకుంటోంది. క్లిప్పు ఎక్కడ పెట్టాలో కూడా నేర్పకుండా యంత్రాన్ని తెచ్చి బిల్లులో వేసినవాళ్ళను అనాలి.

ఇది మన ఒక్కరి బాధా కాదు. అమెరికాలో ఆస్పత్రుల ప్రమాణాలు చూసే జాయింట్ కమిషన్ 2013లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీచేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు అలారాల వ్యవహారంలో 98 ఘటనలు వాళ్ళ దృష్టికి వచ్చాయి, వాటిలో 80 మంది చనిపోయారు. మోగే అలారాల్లో 85 నుంచి 99 శాతం దాకా ఏ వైద్యమూ అవసరం లేనివేనని కూడా ఆ హెచ్చరికలోనే ఉంది. నాన్నా పులి కథ మీకు తెలిసిందే. అబద్ధపు కేకలు విని విని నిజం కేకకు కూడా చెవి మొద్దుబారిపోతుంది. రోగి వయసును బట్టి, జబ్బును బట్టి అలారం హద్దులు మార్చుకోవచ్చు. దీర్ఘకాలం ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నవాళ్ళకు ఆక్సిజన్ 90 ఉన్నా అదే మామూలు కావచ్చు. అందరికీ ఒకే హద్దు పెట్టి వదిలేస్తే డబ్బా అరుస్తూనే ఉంటుంది. “మావాళ్ళకి హద్దు ఎంత పెట్టారండీ?” అని డాక్టరుగారు రౌండుకు వచ్చినప్పుడు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

మరో సంగతి, మంచం పక్కన ప్లగ్గు ఖాళీ లేదని మానిటరు తీగ పీకి సెల్‌ఫోన్ ఛార్జింగు పెట్టేవాళ్ళున్నారు. మానిటరులో బ్యాటరీ ఉంటుంది, అది కాసేపే. ఆరిపోయాక అరవడానికి కూడా దానికి ఓపిక ఉండదు.

యంత్రం వచ్చింది కదా అని నర్సులను తగ్గించుకునే యజమాన్యాలుంటాయేమో, అదీ నా భయం. నొప్పి ఎంతుందో సెన్సారుకు తెలియదు. వీపు మీద పుండు మొదలవడం, మూత్రం సంచీ ఖాళీగా ఉండటం, ముద్ద ముట్టకుండా పళ్ళెం పక్కన పెట్టెయ్యడం, ఇవన్నీ మనిషి కంటికి అందేవే. రౌండ్లలో మిగిలిన టైము మంచం దగ్గర గడిపితేనే యంత్రానికి పెట్టిన డబ్బుకు ఫలితం. రోజుకు మానిటరు కింద ఎంత వేస్తున్నారో, మామూలు వార్డుకు మార్చాక కూడా అది సాగుతోందో బిల్లులో చూసుకోండి.

<b>ఇంటికి వచ్చాక</b>

డిశ్చార్జి అయ్యాక తీగలుండవు, సిస్టరూ ఉండదు. అమెరికాలో ఉన్న కొడుకు రోజూ వీడియో కాల్‌లో “అమ్మ ఆక్సిజన్ ఎంత?” అని అడుగుతుంటాడు. కరోనా నాడు కొన్న క్లిప్పు సొరుగులో ఉంటే ముందు సెల్సు చూడండి, కారి తుప్పు పట్టి ఉండొచ్చు. వాడనప్పుడు సెల్సు తీసి ఉంచాలి. చూసేటప్పుడు చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచి, కదలకుండా కూర్చోబెట్టి, అంకె నిలకడగా ఆగాకే రాసుకోండి.

క్లిప్పు లేకపోయినా ఊపిరి లెక్కకు గోడ గడియారం చాలు. మనం లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. అందుకే నర్సులు ఒక చిట్కా చేస్తారు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, చూపు మాత్రం ఛాతీ మీదో పొట్ట మీదో ఉంచి లెక్కపెడతారు. ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. అర నిమిషం చూసి రెట్టింపు చెయ్యకుండా నిమిషమంతా చూడండి. కుదురుగా కూర్చుని ఉన్న పెద్దవాళ్ళకు 12 నుంచి 20 మధ్య ఉంటే ఫరవాలేదు. 21 దాటితే కాసేపాగి మళ్ళీ చూసి, తగ్గకపోతే డాక్టరుకు ఫోను చేయండి. 25 దాటినా, 8 కన్నా పెరగకపోయినా ఫోనుతో సరిపెట్టకుండా ఆటో పిలిచో, 108కి చెప్పో బయల్దేరడమే.